కెటిల్ అడుగు

నవంబర్‌లో కెస్కిల్ యానా ఏటిని కోసుకొచ్చాడు,
ఎప్పటిలాగే దిమ్మలు దిమ్మలుగా, స్లెడ్జి మీద.
ఇక్కడ తాగే నీళ్లను గొడ్డలితో పగలగొడతారు.

ఒకులిన్ ఒక ముక్క పొయ్యి మీద పెట్టింది.
కరిగింది.
అడుగున ఇటుకపొడి.
"తుప్పు పట్టింది."
"కెటిలా?"
"కాదు. ఏరు."

నిరుడు ఎగువ ఒడ్డు కుంగింది,
నేలకింది మంచుకొట్టుతో, అందులోని చేపలతో సహా.
ఏ రాజూ పుట్టకముందు పడుకున్న సూక్ష్మజీవులు
లేచాయి, ఆకలితో.
కిళ్లీలా ఇనుము నమిలి
ఏట్లో ఉమ్మాయి.
తలుపు తీసింది మాత్రం అవి కాదు.

నా సీసా నింపుకున్నాను.
తేదీ, లోతు రాశాను.
రంగు అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.

ఒకులిన్ టీ పోసింది,
పాలు కాస్త ఎక్కువే కలిపి,
రంగు తెలియకుండా.

తాగాను.