ముప్పై ఏడు ఈతచెట్లు

రాసుకోండ్రి సారూ.
మా కుంటకట్ట కింద ఈతచెట్లు ముప్పై ఏడు.
అండ్ల గీతకొచ్చేవి పందొమ్మిది.
మిగిలినవి పోయిన ఎండకాలం తలలిరిగి
మొండేలు మొండేలుగ నిలవడ్డయి.
చెట్టు మంచిగ పారితే
పొద్దుగాల మూడు సీసలు, మాపు రెండు.
మీరు సదువుకున్నోళ్లు, మీరే గుణించుండ్రి.

దుకాణంల మాత్రం
దినాం పదకొండు వందల సీసలు అమ్ముడువోతయి.
ఐతారం ఇంకో రెండొందలు.

మరి ఆ మిగిలిన కల్లు ఏ చెట్టు పారింది?
ఆ చెట్టు మా ఊర్ల మొలవలేదు.
నడిరాత్రి దాటినంక దేవరకద్ర రోడ్డు మీదికెల్లి
నంబరు పలకకు మట్టి మెత్తుకున్న బండి మీద వస్తది.
బర్ల దాణా బస్తా నడుమ
ముడేసిన కవర్ల తెల్లపిండి.
దానికి ఆకు లేదు, ముల్లు లేదు, నీడ లేదు.
అది గంగాళంల పడ్డ దినం
ఊరంత ఒక్కతీరుగ పండుకుంటది.
కుక్కలు గూడ ఎవలి కోసం మొరగాల్నో
తెల్వక ఊకుంటయి.

నాకెట్ల ఎరుక అంటరా?
లైసెన్సు మా పేరు మీదనే ఉన్నది.
ఇరవై రెండు మంది గౌండ్లోళ్లం
ఫోటోలు అంటవెట్టి ఏలిముద్రలేసినం.
చెట్టెక్కకుంటే నెలకు నాలుగు వేలు
కంట్రాక్టరు ఇంటికి పంపుతడు.
ఎక్కితే మోకాళ్ల నొప్పులు.
నా మోకు దూలానికి ఏలాడి ఏలాడి
ఎలుకలు కొరికిన పోగులైంది.
గీతకత్తితోని మా మనుమడు
పెన్సిలు చెక్కుకుంటడు.

మొన్న మీరొచ్చి దుకాణానికి తాళమేసిన్రు.
పేపర్ల వచ్చింది, సదివిపిచ్చుకున్న.
ఆ తెల్లారి ఏమైందో పేపర్ల రాలేదు.

మొదటి దినం ఉప్పరి బాలకిష్టమ్మ
గోడ మీది చీమల్ని ఏరి కొంగుల ఏసుకున్నది.
గోడ మీద చీమల్లేవు.
రెండో దినం సెంట్రింగు బీరప్పకు మెడ వంకరవోయింది.
ఎవలూ పిలువకుంటనే
"వస్తున్న, వస్తున్న" అనుకుంట
బాయి దిక్కు నడిచిండు. పట్టుకొచ్చినం.
మూడో దినానికి పాలమూరు పెద్దాసుపత్రిల
మంచానికిద్దరు, నేల మీద ఎందరో లెక్కవెట్టలే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కండ్ల నిండ నిద్రున్నది.
"ఏం తాగినవమ్మా?" అనడిగింది.
"కల్లే బిడ్డా, చెట్టుకల్లు" అన్నది
నా పెండ్లాం.

పేరు సాయవ్వ. రాసుకోండ్రి.
పత్తి ఏరొచ్చినంక నడుం నొప్పికి ఒక సీస.
ఐదేండ్ల సంది
ఆ సీస నేనే తెచ్చిచ్చేటోణ్ని.
ఊకూకె లేస్తలేదు, నిద్ర మంచిగ పడ్తుందని
సంబురపడ్డ గూడ.
ఆ రాత్రి నాలుక మడతవడి
నా పేరు అననీకి ఎంత తండ్లాడిందో!
పేర్ల సగమే బయటికొచ్చింది.

తెల్లారుజామున డాక్టరమ్మ ఒక గోళీ ఏసింది.
చిన్నది, తెల్లది.
జరసేపటికి వణుకు ఆగింది.
ఆ గోళీ పేరడిగిన.
చెప్పింది.
బస్తాలున్న పిండికి గా పిలగాండ్లు చెప్పుకునే పేరూ అదే.
"మెల్లమెల్లగ తగ్గియ్యాలె, ఒక్కపారి ఆపొద్దు" అన్నది.
మంచం కోడుకు ఒరిగి కూసొని
నేను నవ్విన సారూ.
పక్క మంచపోళ్లు నాకు గూడ లేసిందనుకున్నరు.

నిన్న ఇంటికి తోలుకొచ్చిన.
డాక్టరమ్మ కల్లు ముట్టొద్దన్నది. ఇన్న.
ఇని గూడ,
పక్కూరు పెంటాగౌడును మోకు బదులడిగి
తొమ్మిదేండ్లకు చెట్టెక్కిన.
కాళ్లు మర్చిపోయినయి, చేతులు యాదివెట్టుకున్నయి.
లొట్టిల దొరికింది సగం సీస.
ఈతముల్లు ఇరిగి అరచేతుల్నే ఉన్నది, సూడుండ్రి.

గిలాసల పోసిచ్చిన.
సాయవ్వ ఒక్క గుక్క తాగి
పుక్కిలిచ్చి గడప అవతల ఉమ్మింది.
నా దిక్కు అనుమానంగ సూసి అన్నది:
"ఇది కల్లు గాదు.
ఏం కలిపినవ్ ఇండ్ల?"