రిమార్కుల గడి

రాయదుర్గంల ఆరో అంతస్తు. రాత్రి రెండున్నర.
కింద గేటుకాడ సెక్యూరిటీ తాత
కుర్చీల కూసోనే కునుకు తీస్తుంటడు.
నా తెర మీద మాత్రం మిట్టమధ్యాహ్నం.
ఏడిదో పచ్చగడ్డి, సున్నపు గీతలు,
మొహాలకు జాలీలు కట్టుకున్న ఇరవై రెండు మంది,
దోసకాయ లెక్క ఒక బంతి.

నా పని ఆట చూసుడు కాదు,
ముక్కలు కోసుడు.
ముక్కకు ఏడు సెకన్లు.
ఎవడు ఎటు కదిలిండు, ఎవడు ఎవన్ని ఆపిండు,
గడికో అక్షరం కొట్టాలె.
పన్నెండు గడులు. పదమూడోది రిమార్కులు.
"అది ఖాళీగ ఇడిచిపెట్టు, ఎవ్వరు సదవరు,"
మొదటి రోజే చెప్పిండు ముజఫర్ భాయ్.

అట్ల దొరికిండు నాకు తానెల్.
డెబ్బై ఒకటో నంబరు. ఎస్టోనియా.
వాళ్ల దేశం దేశమంత కలిసినా
మన నగరంల ఒక మూలకు సరిపోతరట.
డిస్కస్ ఇసిరేటోడు.
ఎవరో ఆ భుజాలు చూసి
"ఇసిరింది చాలు, ఇగ ఆపుడు నేర్సుకో" అన్నరట.

మొదటి వీడియోలల్ల వానకు నానిన పార్కు,
చూసేటోళ్లు పదకొండు మంది, ఒక కుక్క.
తర్వాత జర్మనీల ఏదో క్లబ్బు.
పగలు గోదాంల పెట్టెలు మోసుడు,
పొద్దూకినంక మనుషులను మోసుడు.
ఆ తర్వాత అమెరికాల శిబిరం.
తొంభై మందిని పిలిచి
సగానికి దగ్గర దగ్గర ఇంటికి తోలేస్తరు.

అతనికి ఒక రోగముండె.
బంతి కదలకముందు అర సెకను
ఎడమ మడమ లేస్తది.
లేసిందా, ఎనక్కి జరుగుతడు.
లేవలేదా, ముందుకు దుంకుతడు.
ఎదుటోనికి గింత చాలు.

నాకెట్ల కనపడ్డదంటే,
చాదర్‌ఘాట్ విక్టరీ గ్రౌండుల
ఎనిమిది మందిమి ఖో-ఖో వరుసల కూసుంటే
ఎల్లేశం సారు ఎనక నుంచి తిరిగేటోడు.
"ఖో వినకముందే నీ మడమ లేస్తే
నీ మనసు లేసినట్టే.
ఉరికే పిల్ల దాన్ని సదువుకుంటది."
మడమ కింద రూపాయి బిళ్ళ పెట్టేటోడు.
గాలి దూరితే బిళ్ళ సారుది.
ఆట అయ్యేదాంక దూరకుంటే బిళ్ళ నీది.
జిల్లా జట్టు దాంక పోయిన.
మోకాలు. ఆడికే.

ఆగస్టుల ఒక రాత్రి పదమూడో గడి తెరిచిన.
ఇంగ్లీషుల రెండే ముక్కలు రాసిన,
ఎడమ మడమ ముందే చెప్పేస్తున్నదని.
స్పెల్లింగు రెండుసార్లు చూసుకున్న.
"ఎవరికి రాస్తున్నవమ్మా?" ముజఫర్ భాయ్ నవ్విండు.
ఏమో, గోడకు.

ఆ తర్వాత డెబ్బై ఒకటి తెర మీద లేడు.
జట్టుల ఉన్నడు, ఆటల లేడు.
పెండ్లికొచ్చి బయటనే నిలబడ్డ బ్యాండోని లెక్క.
నేను వేరేటోళ్లను కోసుకుంట పోయిన.
బోనాలు ఎప్పుడో అయిపోయినయి, దసరా పోయింది,
క్యాబుల కిటికీలు మూసుకునే చలి వచ్చింది.

డిసెంబర్ల ఎవరికో చీలమండ మడతపడ్డది.
తానెల్ లోపలికి వచ్చిండు.
పద్నాలుగు ముక్కలు.
ఒక్కోదాన్ని పదిసార్లు ఎనక్కి తిప్పిన.
మడమ లేవలే.
కింద ఎవరో బిళ్ళ పెట్టినట్టు
నేలను పట్టుకొని ఉన్నది.

చలికి బిగుసుకున్నదో,
ఏ కోచు కంట్లనో పడ్డదో,
నా గడి ఎవరన్న తెరిచిండ్రో,
అడుగుదామంటే అడిగే గడి లేదు.

పద్నాలుగో ముక్కల మడమ లేవకుండనే ఓడిండు.
వాడెవడో అంతకంటె బలమైనోడు
మంచమెత్తినట్టు ఎత్తి పక్కకేసిండు.
ఓడినట్టే కొట్టిన. పనిల మాయ చెయ్యను.
తానెల్ లేసి, జాలీల ఇరికిన గడ్డిపోసను తీసేసుకొని
మళ్ల గీత కాడికి నడిచిండు.

ఐదు కావస్తున్నది. కింద క్యాబు హారన్.
పదమూడో గడిల
"బిళ్ళ నీదే" అని కొట్టిన, మన భాషల.
ఆ సాఫ్ట్‌వేరుకు తెలుగు రాదు.
అక్షరాలు పోయి
వరుసగ చిన్న చిన్న డబ్బాలు కూసున్నయి.
సేవ్ కొట్టి చెప్పులేసుకున్న.