కరిగుట్ట, 412 మీటర్లు

పసుప్పచ్చ బోర్డు మీద నల్లక్షరాలు
ముప్పై అయిదేండ్ల కిందట రాసింది నేనే.
కూలి పద్దెనిమిది రూపాయలు,
మాస్టరు ఇంటినుంచి గిన్నెడు ఉగ్గాని.
తెలుగు చెయ్యి తిరిగినంత సులువుగా వచ్చె,
హిందీకి చీటీ చూసి గీస్తి,
ఇంగ్లీషులో ఒక అక్షరం తిరగబడితే
మాస్టరు నవ్వి, కిరోసిన్ గుడ్డ ఇచ్చె.

మళ్లీ పిల్చినారు.
"కుళ్లాయప్ప మామా, పాతది గోకేసి
కళాకేంద్రం అని రాయి, పెద్దగా"
అన్నాడు కమిటీ పిల్లోడు.
నిచ్చెన భుజానేసుకొని పోతి.

పెద్దలైను గుట్ట అవతలికి ఒంగిపోయి
ఇరవై ఏడేండ్లు.
పట్టాలు లారీలకెక్కె.
స్లీపరు చెక్కలు ఎవురింటి దూలాలైనాయో
ఊరికంతా తెలుసు, ఎవురూ చెప్పరు.
మిగిలింది రాతిగోడలు,
చెయ్యి మాత్రం పట్టే టికెట్టు కిటికీ,
ఏటా చెనిక్కాయలు ఆరబోసే ప్లాట్‌ఫారం.
"రైలొస్తే ఎత్తుకుంటాం లేబ్బా"
అంటుంది మారెక్క, చేట ఆడిస్తా.

సిమెంటు గోడౌనుకు ఇస్తే
నెలకు నాలుగువేలు అద్దె అన్నారు కొందరు.
పంచాయితీలో రెండు పొద్దులు అరుచుకున్నారు.
పాయింట్స్‌మ్యాన్ సుంకన్న మాత్రం లేచి
"సిమెంటు మూటలకు వెయిటింగ్‌రూం ఎందుకప్పా,
కాసుకోవాలంటే మనిషే కాసుకోవాల" అని
కూర్చున్నాడు.
ఆ మాటకు గెలిచినారో,
అద్దెకొచ్చేవాడు వెనక్కిపోయి గెలిచినారో
నాకు తెలీదు.

గబ్బిలాలను పొగబెట్టి తరిమిరి.
సున్నం గీకితే కింద బయటపడె
రెండో తరగతి స్త్రీలకు మాత్రమే.
దాన్నట్లే ఉంచమని
కోలాటమాడే ఆడపిల్లలు పట్టుబట్టిరి.

సిందే అంజినప్ప బొమ్మలపెట్టె దించి
టికెట్టు కిటికీ మీద తెల్లపంచె కట్టినాడు.
వెనక బల్బు, ముందర పిల్లోళ్లు.
జింకతోలు హనుమంతుడు
రంగులు కారుస్తా ఎగిరెగిరి పోతాంటే
ఒక బుడ్డోడు పంచె కింద చెయ్యి దూర్చి
"తాతా, లంకకు రెండు టికెట్లు" అనె.
అంజినప్ప ఆట ఆపలేదు.
రెండు బొరుగులు పెట్టినాడు ఆ చేతిలో.

ఆ సాయంత్రమే ఉరుములోళ్లు వచ్చిరి.
నాగలింగడు, వాని తమ్ముండ్లు ముగ్గురు,
నీలికండువాలు, కాళ్లకు గజ్జెలు.
మాస్టరు గదిలో నిలబడి మొదటి దెబ్బ ఏసిరి.

ఆ రాతికప్పు కింద
రైలు శబ్దం దాచుకొని ఉన్న గోడలు
ఒక్కసారి గర్జించె.
బయట మారెక్క ఉలిక్కిపడె.
"వానొస్తాంది, ఎత్తండే, ఎత్తండి!"
ఆడోళ్లంతా గోతాలు, చేటలు, చీరచెంగులు,
చెనిక్కాయలు అర్ధగంటలో లోపల.
అప్పుడు తలెత్తి చూసిరి.
ఒక్క మబ్బు లేదు.
మూడేండ్లుగా ఉన్నట్లే ఆకాశం, తోమిన పళ్లెం.

మారెక్క చేట పట్టుకొని లోపలికొచ్చె, తిట్టనీకి.
నాగలింగడు వాయిస్తానే ఉన్నాడు.
ఆమె నోరు తెరిచి, మూసి,
గోతాం మీద కూలబడె.
కొంచెంసేపటికి అనె:
"అబద్దమైతే ఇట్లుండాల.
ఇంకొకసారి ఉరమండ్రా."

తెల్లారి నిచ్చెనెక్కితి.
గోకుడుకత్తి చేతిలో ఉంది.
పేరు కింద చిన్నక్షరాల్లో ఒక వరుస,
సముద్రమట్టం నుంచి ఎత్తు 412 మీటర్లు.
సముద్రం చూసినోళ్లు ఈ ఊర్లో
లెక్కేస్తే ఇరవైమంది దాటరు.
నేనూ చూళ్లేదు.
ఎవురో యాడనుంచో తాడేసి కొలిచి
మేమింత ఎత్తునున్నామని చెప్పిపోయిరి,
దిగి పోనీకి రైలు మటుకు లేదు.

కత్తి జేబులో పెట్టుకొంటి.
కరిగుట్ట మూడు భాషల్లో మళ్లీ నల్లగా దిద్దితి.
412 మీద బ్రష్షు రెండుమాట్లు తిప్పితి.
కళాకేంద్రం అనేది కింద,
మిగిలిన జానెడు జాగాలో రాస్తి, ఎర్రగా.

"చిన్నగా ఉంది మామా" అనె కమిటీ పిల్లోడు.
"దగ్గరికొస్తే కనపడతాది" అంటి.

గుట్ట అవతల గూడ్సుబండి కూసె.
లోపల సుంకన్న లేచి,
తీగె లేని లివర్ మీద చెయ్యేసి
బండి పోయేదాకా నిలబడె.

బోర్డుకు ఆనుకోవద్దండి.
రంగు ఇంకా పచ్చిగుంది.