స్క్రూడ్రైవరుతో విన్నది

టవర్ క్లాక్ దాటి మూడో సందు,
అన్వర్ బాషా వాద్యాల అంగడి.
"ముందు ఫ్యాన్ ఆపు భాయ్" అన్నాను.
ఏప్రిల్ నెల, అనంతపురం.
ఆయన నన్ను చూసిన చూపు
బయటి ఎండకన్నా కొంచెం చల్లగానే ఉంది.

పగలు నాది మోటార్లకు తీగ చుట్టే పని.
మాడిన రాగి వాసన
నీళ్ళు పోసుకున్నా గోళ్ళ కిందే ఉంటుంది.
సాయంత్రమైతే నలుగురం:
దస్తగిరి గిటారు, పుష్పరాణి గొంతు,
నాగలింగకు వాయించడానికో చెక్కపెట్టె,
నాకు అరువు బేసు, అరువు ఆంపు.
ఆ ఆంపు పోయిన శివరాత్రికి కాలిపోయింది.
ఊరి మోటార్లన్నీ బాగుచేసేవాణ్ణి,
దాన్ని మాత్రం లేపలేకపోయాను.
"పోనీలే, మైకులే వద్దు" అంది పుష్పరాణి,
"గొంతుకేమన్నా ప్లగ్గుందా?"

అందుకని ఈ అంగడి.

బాషా మూడు దింపాడు.
మొదటిది నల్లటి నునుపు,
పక్కన నాలుగు గుండీలు, ఒక పచ్చ దీపం.
మీటితే, పక్కింటికి వినపడకుండా
పెళ్ళాన్ని తిట్టుకునే మొగుడిలా గొణిగింది.
"ప్లగ్గు పెట్టి చూడు సార్, గర్జిస్తాది" అన్నాడు కుర్రోడు.
ప్లగ్గు పెడితే మా ఇంట్లో గ్రైండరూ గర్జిస్తాది నాయనా.

రెండోది ఎద్దు పొట్టంత.
ఒళ్ళో పెట్టుకుంటే నా కుడిచెయ్యి
తీగ దాకా పోవడానికి జిల్లా దాటాల్సొచ్చింది.
మోత ఉంది, కాదనను.
ఏ మెట్టు నొక్కినా ఒకటే మోత,
ఖాళీ నీళ్ళ ట్యాంకరు గుంతలో పడ్డట్టు.

మూడోది దుమ్ములో ఉంది.
పొట్ట మీద వెంట్రుకంత బీట,
అతికినవాడెవడో గానీ పని తెలిసినవాడు.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను.
బాషా లేచి నిలబడ్డాడు.
"గీత పడదులే భాయ్."
మొనను చెక్కకు, పిడిని చెవికి ఆనించి
అన్నిటికన్నా లావు తీగ మీటాను,
బేరింగు అరిగిందా అని మోటారునడిగినట్టే.

బోరు వేయించినప్పుడల్లా మా నాయన
గొట్టంలోకి ఒక రాయి వదిలి
అందర్నీ నోరు మూయమనేవాడు.
ఆరొందల అడుగులు. మేం లెక్కపెట్టేవాళ్ళం.
ఎక్కువసార్లు రాయి రాతి మీదే పడింది.
ఒక్కసారి మాత్రం
ఏడు అనేలోపు
చెవికన్నా ముందు కడుపుకు తెలిసింది.
మా నాయన టవల్ తీసి మొహం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

ఆ ఏడో అంకె ఈ చెక్కలో ఉంది.

దస్తగిరిని రోడ్డవతల టీ కొట్టుకు పంపాను,
వినపడితే చెయ్యెత్తమని.
మీటాను. చెయ్యి లేచింది!
ఈగను తోలుకున్నాడంట.

దాచేదేముంది, అది రోడ్డు దాటదు.
ఒక మిద్దె, ముప్పై మంది, గాలి లేని రాత్రి,
దాని రాజ్యం అంతవరకే.
"పెద్దదే తీసుకో, వినపడనన్నా వినపడతాది" అన్నాడు దస్తగిరి.
"నువ్వు మెల్లగా వాయించు" అన్నాను.
సగం టీ తాగేదాకా నాతో మాట్లాడలేదు.

పదిహేడు వేలన్నాడు బాషా.
పద్నాలుగుకు తెగింది,
దాంతోపాటు రుద్రంపేటలో వాళ్ళ బోరు మోటారుకు
ఒక వైండింగు, నా రాగితో.
కొత్త తీగలు ఆయన ఖర్చు.

మొదటి శనివారం, పాతూర్లో
నాగలింగ వాళ్ళ మిద్దె.
పుష్పరాణి శ్రుతి అర మెట్టు దించింది.
దస్తగిరి గోటితో కాకుండా వేలి కండతో వాయించాడు,
పెట్టె మీద నాగలింగ తువ్వాలు పరిచాడు.
అంతా అయ్యాక వెనక వరసలో ఒకాయన అడిగాడు:
"ఆ నాలుగు తీగలబ్బాయి
ఊరికే కూర్చున్నాడా, ఏమన్నా వాయించాడా?"

నేను పలకలేదు.

తెల్లారి కింది వాటాలో ఉలిగెమ్మ
వేపపుల్ల నములుతా నన్ను ఆపింది.
"ఏమప్పా,
రాత్రి మిద్దెమింద ఎవురు మీరు
రోలు దొర్లిచ్చినోళ్ళు?
మంచం కోళ్ళల్లోకి వచ్చింది.
పాటేమో ఒక్క ముక్క ఇనపల్యా.
ఆ రోలు మాత్రం
మళ్ళెప్పుడు దొర్లిస్తారు?"