మారు చెవి

మా ఆయన ఖాసిం పీరా
లాలాపేట మలుపులో, చిరిగిన గొడుగు కింద
ముప్పై ఏళ్లు తాళాలకు చెవులు కుట్టాడు.
కిరాణా షట్టర్లు, కోల్డ్ స్టోరేజీ తలుపులు,
పెట్టెలోనే చెవి మర్చిపోయి
పెట్టె మూసేసుకున్న పెళ్లికూతుళ్లు.
తాళం పోయినవాళ్లు ఏడుపు మొహంతో వస్తారు.
దొరికాక ఒక్కరూ వచ్చి చెప్పరు.

ఆకురాయి ఇత్తడిని ఎంత తిన్నదో
ఆయన వేళ్లనీ అంత తిన్నది.
నావి మిర్చియార్డు తిన్నది.
తేజ కాయ తొడిమలు తుంచి తుంచి
ఎండలు ముదిరేసరికి నా వేళ్లు కడిగిన పలకలు.
అన్నం కూడా చెంచాతోనే.

మాఘంలో ఇంటి ఓనరు మల్లేశ్వర్రావు గారు
గేటుకి కొత్త తాళం పెట్టించారు.
నల్ల పలక, మధ్యలో గాజు కన్ను.
"వేలు పెడితే చాలు పీరా,
చెవుల పీడ వదిలింది" అన్నారు,
ఎవరితో అంటున్నారో చూసుకోకుండా.

నేను రాత్రిబడికి పోయి సంతకం నేర్చుకున్నదాన్ని.
బ్యాంకులో సిరాదిండు చూస్తే
తల కొట్టేసినట్టుండేది.
ఇప్పుడు మూడో అంతస్తు ఇంజనీరు గారు కూడా
గేటు దగ్గర నిశానీయే.
నవ్వొచ్చింది,
నా వంతు వచ్చేదాకా.

బొటనవేలు. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
కొంగుకి తుడిచి, నూనె రాసి, ఉఫ్ఫని ఊది
"మళ్లీ ప్రయత్నించండి" అంది ఆడగొంతు,
మర్యాదగానే.
మా ఆయన పెట్టాడు.
ఆయనకీ అదే మర్యాద.
సగం ఊరి తలుపులు తీసినవాడు
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఇత్తడి చెవయితే
పక్కింటి మార్తమ్మ చేతిలో పెట్టి పోయేదాన్ని.
"పాలవాడొస్తాడు, పిల్లి దూరకుండా చూడు."
వేలు ఎవరి చేతిలో పెట్టి పోను?

అరుగు మీద కూర్చున్నాం.
రెండో అంతస్తు పిల్ల ట్యూషన్ నుంచొచ్చి
ఐసు కారుతున్న వేలితోనే తెరిచేసింది.
అట్లా రెండు నెలలు.

చైత్రంలో ఒక గాలివాన రాత్రి
పలక కన్ను మూసింది.
బ్యాటరీలు మార్చాలని ఎవరికీ గుర్తులేదు.
మల్లేశ్వర్రావు గారు తడుస్తూ
పది వేళ్లూ వరసగా పెట్టి చూశారు.
మేమూ బయటే. మాకు అలవాటేగా.

మా ఆయన సెల్లు వెలుగు వద్దన్నాడు.
కళ్లు మూసుకుని పలక అంచులు తడిమాడు,
జ్వరమొచ్చిన బిడ్డని తడిమినట్టు.
అడుగున రబ్బరు మూత.
మూత కింద శనగగింజంత చీకటి.
"ఉందే, దీనికీ చెవుంది!"
"పెట్టెలో ఏదో వచ్చింది, పారేశామేమో"
అని గొణిగారు ఓనరుగారు.
రెండు తీగలు, ఒక చిన్న టిక్కు,
ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో.

పొద్దున్నే "ఒక చెవి చేసిపెట్టు,
ఎందుకైనా మంచిది" అన్నారు.
చేశాడు. యాభై తీసుకున్నాడు,
వంద అడగాల్సింది.
రాత్రి అన్నం దగ్గర, ఏమీ అనకుండా,
నా కంచం పక్కన ఇంకోటి పెట్టాడు.
అంచులకి ఇంకా రజను అంటుకునే ఉంది.

కొంగున ముడేసుకున్నాను.
అయినా రోజూ ముందు వేలే పెడతాను.
ఎర్రలైటు.
"మళ్లీ ప్రయత్నించండి."
అలాగేనమ్మా అంటాను.
ఆ మాట, కాస్త వంగి,
దాని చెవిలో చెబుతాను.