పదిహేను మార్కుల ప్రశ్న

ఎమ్మే రెండో ఏడు, ఆప్షనల్ పేపర్.
అమెరికా సాహిత్యంలో సీట్లు నిండిపోయి
మిగిలిన పదకొండు మందిమి
ఆస్ట్రేలియాలో పడ్డాం.

తిరుపతి ఎండ. ఫ్యాను వేడినే వడ్డిస్తోంది.
హేమాద్రి సారు బోర్డు మీద ఒక ఖండం గీశాడు.
అంచుల వెంట ఊళ్ళు, నడుమ ఏమీ లేదు.
"ఎర్రమట్టి, ముళ్ళపొదలు, రాని వానలు" అంటుంటే
వెనక బెంచీ నుంచి భార్గవి
"మా పుంగనూరే గదా సార్" అంది.
సారు కూడా నవ్వి, చాక్‌పీసు విరిగిన చోటే
జాతీయ అస్తిత్వం అని రాశాడు.

లైబ్రరీలో ఆ అరవైపు ఎవరూ పోరు.
నేను తీసిన నవల వెనక చీటీలో
ఆఖరి తేదీ నేను పుట్టకముందుది.
పేజీల మధ్య ఎవరిదో బస్సు టికెట్టు,
రేణిగుంట నుంచి, రూపాయిన్నర.

హాస్టలు వెనక జామాయిల్ తోపులో కూర్చుని చదివేవాణ్ణి.
కథలో ఒక చెట్టు వచ్చింది:
పొరలు పొరలుగా బెరడు రాల్చుకుంటుంది,
నలిపితే ఆకు జలుబు మందు వాసన.
తలెత్తితే అదే చెట్టు.
ఇన్నాళ్ళూ నేను వీపు ఆనించింది ఆ దేశానికే.
ఎప్పుడో ఓడలో గింజగా దిగి
మా బోర్ల నీళ్ళు తాగి,
పేపరు మిల్లుకి నరికించుకుని
మోడు నుంచే మళ్ళీ చిగిర్చి
ఈ ఊరిదైపోయింది.
దాన్నెవరూ సర్టిఫికెట్ అడగలేదు.

నేను మాత్రం నాలుగుసార్లు తిరిగాను
ఏర్పేడు ఎమ్మార్వో ఆఫీసుకి
యానాది అని రాయించుకోడానికి.
"యానాదోడివా? ఎమ్మేనా?"
గుమస్తా నన్ను కింది నుంచి పైకి చదివాడు
ఒక్క ఫుట్‌నోటూ వదలకుండా.

ఆ నవల్లో ఓడలొస్తాయి.
దొంగలని ముద్ర వేసి దించిన మనుషులు
నేలకి కంచె వేసి, గొర్రెల్ని పెంచి
మూడు తరాలకి ఒక దేశమయ్యారు.
మా ముత్తాతనీ దొంగ అనే రాశారు.
ఓడెక్కించలేదు.
పొద్దుగూకితే స్టేషనుకి పోయి
వేలిముద్ర వేసి అక్కడే పడుకునేవాడంట.
ఆయన రిజిస్టరయ్యాడు.

ఇంకో రోజు సారు ఒక లాటిన్ మాట చెప్పాడు:
ఎవరిదీ కాని నేల.
వేల ఏళ్ళు మనుషులు నడిచిన నేలని
ఓడ దిగినవాళ్ళు అట్లా అనుకున్నారంట.
పదిమందీ నోట్సులో రాసుకున్నారు.
నేను రాయలేదు.
దాని తెలుగు నాకు తెలుసు.
మా గుడిసెల కింది మట్టికి ఎదురుగా
వీఆర్వో అడంగల్లో ఉన్న మాట అదే:
అనాధీనం.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది.
మూడు పేజీలు బాగానే నడిచాను
గొర్రెలు, పొదలు, ఒంటరి మగాళ్ళు,
ఎవరి యుద్ధంలోనో పోయిన కుర్రాళ్ళు.
నాలుగో పేజీలో మా అవ్వ చెంగమ్మ వచ్చేసింది.
నేను పిలవలేదు.
స్వర్ణముఖి ఇసకలో చెలమ తోడుకుంటా,
ఏ రాయి కింద తేలుందో, ఏ పొద మొదట్లో
ఆ తేలుకి విరుగుడు వేరుందో చెప్పుకుంటా,
ఒక్కో గుట్టని పేరుతో పిలుచుకుంటా.
అడిషనల్ షీటు అడిగాను.

పదిహేనుకి ఏడు.
మార్జిన్లో ఎర్రసిరా: విషయం దాటిపోయావు.
దాని కింద పెన్సిలుతో,
చెరిపితే పోయేట్టు:
ఒకసారి రూముకి రా.

ఆదివారం ఊరికి పోతే అవ్వ అడిగింది.
"అంత దూరం దేశం గురించి సదవతాండావు గదా,
ఆడుండే మనోళ్ళకి పట్టాలొచ్చినాయా?"
"కొంతమందికి. కోర్టుకి పోయినాక."

చాటలో నూకలు చెరగడం ఆపింది.
"ఏ కోర్టురా నాయనా అది?
తిరుపతి నుంచి బస్సుందా?"