సంగటి నమలరాదు

మొదటి ముద్దకే దవడలాడించినావు.
"నమలగూడదు నాయినా, మింగల్ల" అనింది మా యమ్మ.
ఆ మాటను మన భాషలోకి మార్చబోయి ఆగినా.
మన భాషంటే ఏముంది,
కువైట్ ఆసుపత్రిలో బట్టలుతికే గది,
సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు,
మిగతాది సబ్బునురగ.
దాంట్లో సంగటికి మాట లేదు.
గొంతు మీద వేలు పెట్టి కిందికి జార్చి చూపించినా.
కండ్లు మూసుకుని మింగినావు,
మందుబిళ్ళ మాదిరి.

ఉప్పు కావల్సి వచ్చింది నీకు.
పెదవులు ముందుకు చాచి డబ్బా వైపు చూపించినావు.
మీ దీవిలో అంతేనంట,
చేతులు ఖాళీ లేకుంటే మూతితోనే దారి చెప్తారంట.
ప్రొద్దుటూరులో మాత్రం
మూతి తిప్పినోడు, పెట్టిన కూటికి వంక పెట్టినోడు.
మా యమ్మ డబ్బా నీ ముందర పెట్టి లేచిపోయింది.
ఆ రాత్రి మిద్దె మీద నా చెవిలో
"ఏమ్మే, నీ మొగునికి మన కూడు ఎగటా?"

కనుబొమలెత్తితే నీకు ఔను.
ఓబులమ్మత్తకు అది "ఏందీ?"
"కాఫీ తాగుతావా అల్లుడా?"
ఎత్తినావు.
"కాఫీ అబ్బా, కాఫీ!"
మళ్ళా ఎత్తినావు.
మూడుసార్లు అరిచి అరిచి,
మనిషి మంచోడే, చెవుడొకటే లోపమని
నా భుజం తట్టి పాయె.

నువ్వు యాడికి పోయినా నీ ఎనకాలే
ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ.
నీకేమో నాపబండ చల్లదనం ఇష్టం.
అల్లుడు నేల మీద కూచుంటే వీధంతా చూచ్చాండారని
మా నాయిన కుర్చీ తెస్తాడు.
నువ్వు లేచి ఆయన్ని కూచోబెడతావు.
ఆయన లేచి నిన్ను.
కరెంటు పోయి, ఇద్దరూ వేపచెట్టు కిందికి పోయేదాకా
కుర్చీ ఖాళీగానే ఉంటాది.

ఏరు చూడల్ల అన్నావు.
పెన్న వంతెన మీద ఆటో ఆపించినా.
ఇసుక. కంపచెట్లు. ఎవురో ఆరేసిన దుప్పట్లు.
"ఏరేదీ?"
"ఇదే."
"నీళ్ళు?"
వానొస్తే వస్తాయని చెప్పి నవ్వినా.
సముద్రం నడుమ పుట్టినోడివి, నువ్వు నవ్వలేదు.
చావింటి ముందర తీసినట్టు
టోపీ తీసినావు.
నాకు సిగ్గేసింది.
పుట్టినప్పటినుంచీ ఈ ఇసుకను చూసినదాన్ని,
ఎప్పుడూ ఒక నిమిషం నిలబడింది లేదు.

పదకొండేండ్లు
తిప్పితే వచ్చే నీళ్ళకు అలవాటుపడిన చేతులు నావి.
మోడంపల్లెలో కొళాయి రెండు దినాలకొకసారని,
అదీ తెల్లారుజామునని మరిచేపోయినా.
అంగట్లో కొత్తిమీర కట్ట ఎన్ని ఫిల్సులని అడిగినా.
మా యమ్మ చాలా అంటే "ఖలాస్" అన్నా.
"అదేం మాటే?" అనింది, అచ్చం నిన్నడిగినట్టే.

పంతొమ్మిదో దినం
బిందెల చప్పుడుకు మెలకువొచ్చి చూస్తే
పక్కన నువ్వు లేవు.
వీధిలో, ఆడోళ్ళ వరసలో,
మా నాయిన లుంగీ ఎగ్గట్టుకుని,
"నా వంతు, నా వంతు" అంటాండావు.
ఎవురు నేర్పినారో.
నేను నేర్పిన "బాగుండారా" నీకు నోరు తిరగలేదు.
"అల్లుడికి వంతేంది, ముందు పట్టుకో" అనె ఓబులమ్మత్త.
కనుబొమలెత్తినావు.
ఈసారి ఆమె అరవలేదు.
తన బిందె జరిపింది.

ఇంక తొమ్మిది దినాలుండాయి.
పొద్దున మా యమ్మ రోట్లో ఊరిబిండి నూరతాంది,
మణికట్టు దాకా కారం.
వేయించిన చెనిక్కాయలు గూట్లో ఉండాయి, నువ్వు గడపలో.
నన్ను పిలవలేదు.
నీకేసి చూసి, పెదవులు కొంచెమే, కొంచెమే ముందుకు చాచింది.
నువ్వు గిన్నె అందించినావు.
నేను దారం తెగినట్టు
కుట్టుమిషను మీదికి వంగినా.

సంగటి మాత్రం ఇంకా నములుతానే ఉండావు.